అధ్యక్షులవారు అనని మాటలు

మెట్‌పల్లి నుంచి బస్సులో ముప్పావుగంట పోతే వచ్చే ఒక నేతగాళ్ల ఊళ్లో, ఎనభైల మధ్యలో, నేను ఒక స్వచ్ఛంద సంస్థకు లెక్కలు రాసేవాణ్ని. ఆ ఊరి పేరు గానీ, అక్కడి మనుషుల పేర్లు గానీ ఇందులో రాయను. వాళ్లను ఒకసారి నలుగురి ముందు నిలబెట్టింది చాలు. కానీ జరిగింది జరిగినట్టు రాయక తప్పదు. ఆ ఊళ్లోనూ, అక్కడి నుంచి పవర్లూమ్ పనులకు భీవండి వలసపోయిన వాళ్ల వాడల్లోనూ ఇప్పటికీ ఒక మాట నడుస్తోంది. టీబీ రోగుల మందుల డబ్బును సంస్థ అధ్యక్షుడు మింగేశాడని, తన కొడుకును బతికించుకొని ఎదురింటాయన ప్రాణం తీశాడని. అది అబద్ధం. ఆ అబద్ధం నా కలం నుంచి పుట్టింది.

మాది మంథని. కరీంనగర్‌లో బీకాం పూర్తి చేసి రెండేళ్లు ఖాళీగా తిరిగాక ఈ ఉద్యోగం దొరికింది. సంస్థ కార్యదర్శి అంతకుముందు కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి. నేతగాళ్ల దగ్గు చూసి చలించి, ఉద్యోగం మానేసి, పట్నంలోని ఒక పెద్ద దాతృత్వ సంస్థను ఒప్పించి డబ్బు తెచ్చాడు. చీకటి కొట్టంలో, గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకొని పొద్దంతా నూగు పీల్చే మనుషులకు ఆ రోగం రావడం వింత కాదు. వచ్చిందని బయటికి చెప్పుకోవడమే కష్టం. మేము ప్రతి సోమవారం వారానికి సరిపడా గోలీలు పొట్లం కట్టి ఇచ్చేవాళ్లం. సూదిమందు వేయడానికి ఒక నర్సమ్మ ఉండేది. మందుల డబ్బుకు బ్యాంకులో వేరే ఖాతా. దాంట్లోంచి ఒక్క రూపాయి కూడా జీతాలకు గానీ, అద్దెకు గానీ తీయకూడదు. తీయాలంటే కార్యవర్గం కూర్చొని తీర్మానం చేయాలి, దాన్ని ముందుగా పట్నానికి పంపి అనుమతి తీసుకోవాలి. ఈ నియమం నాకు బాగా తెలుసు. ఆ నియమాల కాగితాన్ని తెలుగులోకి మార్చింది నేనే.

కార్యవర్గంలో తొమ్మిదిమంది. తొమ్మిదిమందీ మగ్గం మీద బతికేవాళ్లే. అధ్యక్షుడు అరవై దాటిన ముసలాయన. మేమందరం పెద్దయ్యా అని పిలిచేవాళ్లం. కులం గుడి డబ్బులు ఏళ్ల తరబడి ఆయన ఇంట్లోనే ఉండేవి, ఎవరూ లెక్క అడిగేవాళ్లు కాదు. అందుకే కార్యదర్శి ఆయన్ను పట్టుబట్టి అధ్యక్షుణ్ని చేశాడు. చదువు లేదు. మా సాయంత్రం బడిలోనే సంతకం నేర్చుకున్నాడు. తెగిన పోగు అతికేటప్పుడు ఎంత వంగేవాడో, సంతకం పెట్టేటప్పుడూ అంతే వంగేవాడు. మధ్యలో ఎవరైనా మాట్లాడిస్తే చెయ్యి ఎత్తి ఆగమనేవాడు.

ఆ ఊళ్లో అమావాస్య నాడు మగ్గాలు నడవవు. కార్యవర్గం సమావేశమూ అందుకే అమావాస్య నాడే. మిగతా రోజుల్లో ఒక పూట మగ్గం దిగితే ఆ పూట కూలి పోతుంది. మాకు మాత్రం తీర్మానాలు నెలకు మూడు నాలుగు కావాలి. బ్యాంకుకు ఒకటి, కలెక్టరాఫీసుకు ఒకటి, పట్నానికి ఒకటి. ప్రతిసారీ వాళ్లను పిలిచి కూలి పోగొట్టడం ఎందుకని ఒక అలవాటు చేసుకున్నాం. అమావాస్య నాడు అందరూ తీర్మానాల పుస్తకంలో నాలుగైదు ఖాళీ పేజీల కింద సంతకాలు పెట్టిపోయేవారు. తర్వాత అవసరం వచ్చినప్పుడు పైన నేను రాసుకొనేవాణ్ని. ఖాళీ చెక్కులదీ అదే దారి. ఇది మోసమని ఎవరికీ అనిపించలేదు. వాళ్ల కూలి నిలబెడుతున్నామని మేము అనుకున్నాం. మా మీద నమ్మకం చూపిస్తున్నామని వాళ్లు అనుకున్నారు.

దీనికి తోడు నాదే ఇంకొక అలవాటు. ప్రతి తీర్మానంలో ప్రతిపాదించినవారు, బలపరచినవారు అని రెండు చోట్ల పేర్లు వేయాలి. ప్రతిపాదించినవారి దగ్గర నేను ఎప్పుడూ పెద్దయ్య పేరే వేసేవాణ్ని. పెద్దవాడి పేరు ముందుండాలని మా ఇంట్లో నేర్పిన మర్యాద. తర్వాతి అమావాస్యకు పాత తీర్మానాలు చదివి వినిపించేటప్పుడు 'అధ్యక్షులవారు మాట్లాడుతూ' అని నేను మొదలుపెడితే ఆయన సిగ్గుపడి భుజం మీది తువ్వాల సర్దుకొనేవాడు. మిగతావాళ్లు నవ్వేవారు. ఆ నవ్వు నాకు ఇష్టంగా ఉండేది. రానురాను ఆయన నోట ఇంకా ఎక్కువ మాటలు పెట్టసాగాను.

రెండో ఏడాది ఖర్చుల నివేదిక నేను నెలన్నర ఆలస్యంగా పంపాను. పంపినదాంట్లోనూ తప్పులున్నాయి. సరిచేసి పంపేదాకా తర్వాతి విడత రాదని పట్నం నుంచి ఉత్తరం వచ్చింది. మూడు నెలలు ఎవరికీ జీతాల్లేవు. నా భార్య కాన్పుకు సుల్తానాబాద్‌లో పుట్టింటికి పోయి ఉంది. నేను చేతులు ఊపుకుంటూ అత్తగారింటికి పోలేక ఇక్కడే ఉండిపోయాను. నర్సమ్మ మానేస్తానంది. కార్యదర్శి రోజూ బ్యాంకు దాకా పోయి వచ్చేవాడు, పోతే ఏదో మారుతుందన్నట్టు.

మందుల ఖాతాలోంచి తీసి జీతాలు ఇద్దామన్న మాట నేనే అన్నాను. విడత రాగానే తిరిగి వేసేద్దాం, పట్నానికి తెలిసే పని లేదు అన్నాను. ఇన్నేళ్లుగా కొందరు ఈ పని కార్యదర్శిదని కూడా అనుకున్నారు. కాదు.  ఆయన, పెద్దయ్యను అడగాలి కదా అన్నాడు.

"అడుగుడెందుకు సార్, సంతకాలున్నయి గద" అన్నాను.

నా జీవితంలో నేను వెనక్కి తీసుకోవాలనుకునే మాటలు చాలా ఉన్నాయి. అన్నిటికంటే ముందు ఇదే.

బ్యాంకుకు చూపించాల్సిన తీర్మానం ఆ మధ్యాహ్నమే రాశాను. ఖాళీ పేజీలో సంతకాలు బాగా అడుగున ఉన్నాయి. నాలుగు వాక్యాలతో తీర్మానం అయిపోతే మధ్యలో తెల్లగా మిగిలిపోతుంది, చూసేవాళ్లకు అనుమానం వస్తుంది. జాగా నింపాలి. అందుకని పెద్దయ్య చేత మాట్లాడించాను. 'సంస్థ నిలిస్తేనే రోగులు నిలుస్తారనీ, సిబ్బందిని పస్తులుంచి సేవ చేయమనడం న్యాయం కాదనీ, రోగులు ఒకటి రెండు నెలలు ఓపిక పట్టవలసి ఉంటుందనీ అధ్యక్షులవారు అభిప్రాయపడ్డారు. వారి ప్రతిపాదనను సభ్యులు ఏకగ్రీవంగా ఆమోదించారు.' మొదటి వాక్యం కుదిరిందని రెండుసార్లు చదువుకున్నాను కూడా.

జీతం తీసుకొని నేను సుల్తానాబాద్ పోయి వచ్చాను. ఆడపిల్ల పుట్టింది.

సోమవారాలు పొట్లాల కోసం వచ్చినవాళ్లకు పట్నం నుంచి మందులు రాలేదని చెప్పాం. పెద్దయ్యకూ అదే చెప్పి, తర్వాతి అమావాస్యకు ఆ పేజీ చదవకుండా తిప్పేశాను. ఆయన రెండో కొడుకు రోగుల జాబితాలో ఉన్నాడు. ఆయన మూడు రోజులకోసారి ఆఫీసు గడప దగ్గరికి వచ్చి, లోపలికి రాకుండా, వచ్చినయా అని అడిగి పోయేవాడు. అధ్యక్షుడు కాబట్టి తనకు ముందు ఇవ్వమని ఒక్కసారి కూడా అడగలేదు. మూడో వారం ఆయన భార్య మెడలో బంగారు గుండ్లు కనిపించలేదు. కరీంనగర్ పోయి కొడుక్కు మందులు కొని తెచ్చుకున్నారని తెలిసింది. నేను బల్ల దగ్గర కూర్చొనే ఉన్నాను. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. విడత ఇవాళో రేపో వస్తుందని ఊరుకున్నాను.

విడత రాలేదు. రెండో నెలలో పెద్దయ్య ఎదురింటాయన, ఆయనా మా జాబితాలోని రోగే, పోయాడు. మందు ఆగినందుకే పోయాడో, ఎట్లాగూ పోయేవాడో డాక్టరు కూడా చెప్పలేకపోయాడు. ఆ సందేహం చాటున నేను చాలా ఏళ్లు దాక్కున్నాను.

ఆ తర్వాత పట్నం నుంచి తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. మెత్తగా మాట్లాడే మనిషి. బడి గదిలో కార్యవర్గాన్ని, రోగుల ఇళ్లవాళ్లను కూర్చోబెట్టి, తీర్మానాల పుస్తకం తెరిచి ఆ పేజీ పైకి చదివాడు. ఓపిక పట్టవలసి ఉంటుందన్న దగ్గర వెనక కూర్చున్న ఆడవాళ్లలో గుసగుస మొదలైంది. పెద్దయ్యకు మొదట అర్థం కాలేదు. తన పేరు వినబడగానే అలవాటుగా తువ్వాల సర్దుకున్నాడు. తర్వాత చెయ్యి అక్కడే ఆగిపోయింది.

అధికారి పుస్తకం ఆయన ముందుకు తిప్పి సంతకం మీదేనా అని అడిగాడు.

"సంతకం నాదే సారూ. మాటలు నావి గావు."

"సంతకం మీదయితే మాటలు ఇంకొకరివి ఎట్లా అవుతాయండీ?"

పెద్దయ్య నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఇప్పుడు లెక్కల సారు చెప్తాడు, అయిపోతుంది అన్నట్టు చూశాడు. అధికారి కూడా నా వైపు తిరిగి, ఈ సమావేశం జరిగిందా అని అడిగాడు.

జరిగింది సార్ అన్నాను.

ఆ పేజీ మీద నేను వేసిన తేదీ అమావాస్య కాదు. మామూలు గురువారం. ఆ రోజు తొమ్మిదిమందీ మగ్గాల మీద ఉన్నారు. పట్నం మనిషికి అది తెలియదు. కార్యవర్గం వాళ్లందరికీ తెలుసు. కార్యవర్గంలో ఒకాయన ఏదో అనబోయి, తన సంతకం కూడా ఆ పేజీలోనే ఉందని గుర్తొచ్చినట్టు తల వంచుకున్నాడు. మిగతావాళ్లను అడిగితే యాదికి లేదన్నారు. జరిగిందంటే డబ్బు తామూ కట్టాల్సి వస్తుందని, జరగలేదంటే ఖాళీ పేజీకి సంతకం ఎందుకు పెట్టారని అడుగుతారని భయం. కార్యదర్శి బల్ల మీది గాజుగ్లాసును చూస్తూ ఉండిపోయాడు.

సంస్థ మూతపడింది. కార్యదర్శి, అధ్యక్షుడు కలిసి మందుల డబ్బు తిరిగి కట్టాలని ఉత్తరం వచ్చింది. కార్యదర్శి తన వంతు కొంత కట్టి వరంగల్ వెళ్లిపోయాడు. పెద్దయ్య మగ్గం అమ్మాడు. నూలు ఇచ్చి బట్ట నేయించుకునే ఆసామి అప్పటికే ఆయనకు నూలు ఇవ్వడం ఆపేశాడు. గుడి డబ్బుల పెట్టెను కులపెద్దలు వచ్చి తీసుకుపోయారట. కొడుకు కోలుకుంటూ ఉండటం ఆయనకు అన్నిటికంటే పెద్ద సాక్ష్యమైపోయింది, ఆయనకే వ్యతిరేకంగా. జీతాల పేరు చెప్పి మనందరికీ బంద్ చేసి తన కొడుక్కు దాచుకున్నాడన్నారు. గుండ్లు అమ్మిన సంగతి చెప్తే, మరి అన్ని పైసలు తిన్నోడు గుండ్లు అమ్ముతాడా, నాటకం అన్నారు.

ఒకరోజు చాయ్ హోటల్ ముందు నేను విన్నాను. ఆయన బల్ల చివర కూర్చొని ఉన్నాడు. హోటలాయన అందరికీ ఇచ్చి ఆయన్ను వదిలేశాడు.

"ఏం అధ్యక్షా, ఓపిక పట్టాలె అంటివి గద మాకు" అన్నాడు ఒకడు. "జర నువ్వు గూడ పట్టు, చాయ్ వచ్చేదాక."

నా వాక్యం అది. ఊరు దాన్ని నోటికి నేర్చుకుంది.

తర్వాతి వారం పెద్దయ్య నా గదికి వచ్చాడు. నేను సామాను సర్దుకుంటున్నాను, ఆదిలాబాద్ జిల్లాలో ఇంకొక సంస్థలో పని దొరికింది. ఆయన కింద కూర్చున్నాడు, కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఆ పేజీ నకలు నా దగ్గర ఉందని తెలుసు ఆయనకు. ఒకసారి మొత్తం చదవమన్నాడు. చదివాను. మధ్యలో రెండుసార్లు ఆపి మళ్లీ చదివించుకున్నాడు.

"గింత మంచిగ మాట్లాడరాదు సారూ నాకు" అన్నాడు.

నేను నకలు మడిచాను.

"పైసలకు ఫికర్ లేదు. నేనే కడ్త. నువ్వు నౌకరి చేసుకునేటోనివి, నీకు పోలీసు అది ఇది వద్దు. ఐతవారం మా కులపోళ్లు కూసుంటరు. నువ్వొచ్చి గీ మాటలు పెద్దయ్య అనలేదు, నేనే రాసిన అని ఒక్క మాట చెప్పు. నా కొడుకు ఒకని పాణం తిని బతికిండని అంటుండ్రు. వాడు ఇంట్లకెళ్లి బయటికొస్తలేడు. మందు ఇస్తే మింగుతలేడు."

వస్తానన్నాను. తప్పకుండా వస్తాను పెద్దయ్యా అన్నాను. ఆయన లేచి, నా రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాడు, తర్వాత పోయాడు.

శనివారం పొద్దున్నే నిర్మల్ మీదుగా ఆదిలాబాద్ పోయే బస్సు ఎక్కాను.

భయమే కారణం. ఒప్పుకుంటే కేసవుతుందని, కొత్త ఉద్యోగం పోతుందని, నెలల పిల్లతో రోడ్డున పడతామని. ఇంతకంటే గౌరవమైన కారణం వెతికాను, దొరకలేదు. ఆదివారం వాళ్లు మిట్టమధ్యాహ్నం దాకా ఎదురుచూశారని, వస్తడు, బస్సు లేటయినట్టుంది అని ఆయన పెద్దలకు చెప్తూనే ఉన్నాడని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

ఆదిలాబాద్‌లో, ఉట్నూరు అవతలి గూడేల్లో, ధాన్యం బ్యాంకుల లెక్కలు చూస్తూ తొమ్మిదేళ్లు పనిచేశాను. రాయకముందు సంతకం వద్దనేవాణ్ని. రాసింది మూడుసార్లు చదివి వినిపించి, ఎవరు ఏమన్నారో వాళ్ల మాటల్లోనే రాసి, తప్పుంటే కొట్టేయించుకొని, అప్పుడు వేలిముద్ర వేయించేవాణ్ని. సభ్యులు విసుక్కునేవారు. పైవాళ్లు మెచ్చుకునేవారు. శిక్షణ తరగతుల్లో నా చేత పాఠాలు చెప్పించారు. ఈ పద్ధతులన్నీ దొంగతనం ఆపడానికే అని చెప్పేవాణ్ని. దొంగతనం చిన్నది. ఒక మనిషి గొంతు ఇంకొకడు వాడుకోకుండా ఉండటానికి ఆ పద్ధతులు. ఈ మాట మాత్రం తరగతిలో చెప్పలేకపోయాను, ఎట్లా తెలుసునని ఎవరైనా అడుగుతారేమోనని. అంత జాగ్రత్తగా పనిచేస్తే పాపం కరుగుతుందని అనుకున్నాను. కరగలేదు. ప్రతి మెప్పుకూ ఆ ముసలాయన చేతుల పట్టు గుర్తొచ్చేది.

తొంభైలు సగం గడిచాక ఒక వేసవిలో ఆ ఊరికి పోయాను. పెద్దయ్య లేడు. మగ్గం అమ్మిన ఏడాదికే కొడుకుతో భీవండి పోయి, అక్కడి పవర్లూమ్ షెడ్డులో నూలు చుట్టిన కండెలు అందిస్తూ, అక్కడే చనిపోయాడు. కొడుకు అక్కడే ఉన్నాడు, బతికే ఉన్నాడు. ఆయన భార్య ఒక్కతే ఊరికి తిరిగొచ్చింది. వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతోంది. నన్ను గుర్తుపట్టింది. గుర్తుపట్టినా చేతులు ఆపలేదు.

నేను నిలబడే అంతా చెప్పాను. ఎవరు అన్నారు, ఎవరు రాశారు, ఆదివారం ఎందుకు రాలేదు. ఆమె ఆకు కత్తిరిస్తూ విన్నది. కట్ట పూర్తయ్యాక దారం కట్టి పక్కన పెట్టింది.

"నాకెందుకు చెప్తున్నవు సారూ" అన్నది. "నాకు ఎర్కలేదా, ఆయన ఏం మాట్లాడుతడో. నలభై ఏండ్లు ఇన్న."

నేను క్షమించమనబోయాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ఎదురింటి వైపు గడ్డంతో చూపించింది.

"ఆమె నాతోని మాట్లాడక గిన్నేండ్లాయె. బాయి కాడ నేను పోతె బొక్కెన దించి పోతది. నాకు చెప్పుడు గాదు. ఆమెకు చెప్పు."

మధ్యలో పది అడుగుల వీధి. అది దాటడం నాకు ఆదిలాబాద్ నుంచి రావడం కంటే కష్టమైంది. తలుపు తీసినామె నన్ను గుర్తుపట్టలేదు. సంస్థలో లెక్కలు రాసినవాణ్నని చెప్పాను. మందుల డబ్బు పెద్దయ్య తీయలేదని, ఆయనకు తెలియనే తెలియదని, ఆయన అన్నట్టు రాసింది నేనని, ఆ డబ్బులో నా మూడు నెలల జీతం ఉందని చెప్పాను. తలుపు మీద చెయ్యి పెట్టుకొని చివరిదాకా విన్నది. తర్వాత అడిగింది.

"అయితె నా మొగని మందు నువ్వు తిన్నవా?"

"అవునమ్మా" అన్నాను.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది, గుర్తు పెట్టుకోవడానికన్నట్టు. తర్వాత నా భుజం మీదుగా ఎదురింటి వాకిలి వైపు చూసింది. అక్కడ ఆ ముసలామె చాట దించి లేచి నిలబడి ఉంది. ఇద్దరి మధ్య నేనున్నాను. పక్కకు జరిగాను. ఆమె ఏదైనా అంటుందేమోనని, కనీసం ఆ ముసలామెను పేరు పెట్టి పిలుస్తుందేమోనని ఆగాను. ఆమె లోపలికి పోయి తలుపు వేసుకుంది. గొళ్లెం పడిన చప్పుడు వినిపించింది.

ముసలామె ఇంకాసేపు నిలబడి, కూర్చొని, చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.